ముగ్గు పోసే ముందు కర్ణం లెక్క వేసుకోవడం ఎలా?

పునాది తవ్వకానికి ముగ్గు పోసే రోజు ఇంటి యజమాని తన చేతులతో చూసుకోగలిగిన పని ఒక్కటే: మూలలు సరిగ్గా మూలమట్టానికి, అంటే తొంభై డిగ్రీలకు, వచ్చాయో లేదో టేపు పెట్టి కొలవడం. సిమెంటు, ఇనుము సంగతి తర్వాత తీరిగ్గా అడగొచ్చు. మూల వంకరపోయిందన్న సంగతి మాత్రం టైల్స్ వేసే రోజు దాకా ఎవరి కంటికీ ఆనదు. ఆ రోజు గోడ పక్కన చివరి వరసలో ఒక కొసన నాలుగంగుళాల ముక్క, రెండో కొసన రెండంగుళాల ముక్క పడుతుంది. టైల్స్ వాళ్లు మేస్త్రిని అంటారు, మేస్త్రి ముగ్గు పోసినవాళ్లను అంటాడు. గోడ మాత్రం ఎక్కడికీ కదలదు.

దీనికి కావలసింది బడిలో చదువుకున్న పైథాగరస్ సిద్ధాంతం, కాస్త వర్గమూలం. లెక్కంతా ముందు రోజు రాత్రే ఇంట్లో కూర్చుని వేసేసుకోండి. స్థలం దగ్గర పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని తొందరపెడుతుంటే, పక్కన జేసీబీ అద్దె గంటల్లో పెరుగుతుంటే వర్గమూలాలు తీయడం ఎవరి వల్లా కాదు. కర్ణం, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే కొలత, ఎంత రావాలో ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్లండి.

ముందు రోజు: కర్ణం ఎంత రావాలి?

మీ ఇల్లు రోడ్డు వైపు 27 అడుగులు, లోపలికి 40 అడుగులు అనుకుందాం. ప్లాటు కొలత కాదు, చుట్టూ వదలాల్సిన ఖాళీ పోను ఇంటి బయటి కొలత. నాలుగు మూలలూ మట్టంగా ఉంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు పట్టిన కొలతే కర్ణం. రెండు భుజాల్నీ విడివిడిగా వాటితోనే గుణించి, కలిపి, వచ్చినదానికి వర్గమూలం తీయాలి:

27 × 27 = 729
40 × 40 = 1600
మొత్తం 2329. కర్ణం = √2329

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదా అంటారు. వాడండి, కానీ వరస తప్పకండి. ముందు 2329 వచ్చేదాకా కూడిక పూర్తి చేసి, ఆ తర్వాత √ నొక్కాలి. బ్రాకెట్లు లేకుండా మొదట్లోనే √ పెట్టి 27 × 27 + 40 × 40 అని కొట్టుకుంటూ పోతే చాలా ఫోన్లు మొదటి 27కు మాత్రమే వర్గమూలం తీస్తాయి, జవాబు 1740 అని వస్తుంది. అది చూడగానే తప్పని తెలుస్తుంది గానీ, తెలియకుండా జారిపోయే తప్పులూ ఉంటాయి. అందుకే ఏ జవాబు వచ్చినా ఒక హద్దు పెట్టుకోండి. కర్ణం పెద్ద భుజం కన్నా పెద్దది, రెండు భుజాల మొత్తం కన్నా చిన్నది. ఇక్కడ 40కీ 67కీ మధ్యలో లేకపోతే లెక్క ఎక్కడో తప్పింది. పిల్లలు √(27² + 40²) అంటే 27 + 40 అని రాసేస్తుంటారు. మైదానానికి రెండు పక్కలా తిరిగి వెళ్లడం కన్నా అడ్డంగా నడిచిపోవడం దగ్గర దారి అని ఆ పిల్లలకు కాళ్లతో బాగానే తెలుసు, కాగితం మీదే మర్చిపోతారు.

చేత్తో వర్గమూలం

ఫోన్ ఉన్నా చేత్తో ఒకసారి వేసుకోవడం మంచిది. రెండు దారుల్లో వచ్చిన జవాబు ఒకటే అయితే చీటీ మీద నమ్మకం కుదురుతుంది. నేను వాడేది ఈ చిట్కా.

2329కి దగ్గర్లో ఉన్న పూర్తి వర్గం వెతకండి. 48 × 48 = 2304. ఇంకా 25 మిగిలింది. ఆ శేషాన్ని 48కి రెట్టింపుతో, అంటే 96తో భాగించండి. 25 ÷ 96 = 0.26. దాన్ని 48కి కలిపితే 48.26. అంతే.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, అసలు జవాబు 48 + x అనుకుంటే దాని వర్గం 2304 + 96x + x². x చిన్నది కాబట్టి x² ఇంకా చిన్నది, దాన్ని వదిలేస్తే 96x = 25. వదిలేశాం కాబట్టి మన జవాబు అసలు దానికన్నా ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే వస్తుంది. ఇక్కడ ఆ తేడా టేపు మీద కనిపించనంత తక్కువ.

ఒక జాగ్రత్త: కింది వర్గమే కాదు, పైది దగ్గరగా ఉంటే దాన్నే తీసుకోండి. 36 × 50 తీసుకుంటే 1296 + 2500 = 3796. దీనికి 61 వర్గం 3721, 62 వర్గం 3844. కింద 75 తేడా, పైన 48 తేడా. కాబట్టి 62 నుంచి దిగండి: 48 ÷ 124 = 0.387, 62 లోంచి తీసేస్తే 61.613. అసలు విలువ 61.612. 61 నుంచి ఎక్కి ఉంటే 61.615 వచ్చేది. అదీ పనికొస్తుంది, కానీ దగ్గరి దారి ఉండగా దూరం ఎందుకు?

బడిలో నేర్పే భాగహార పద్ధతి ఇష్టమైతే అదీ వేసుకోవచ్చు. ఆర్యభటుడు 499లోనే స్థానం స్థానం చొప్పున వర్గమూలం తీసే పద్ధతి చెప్పాడు. 2329ని కుడి నుంచి రెండేసి అంకెలుగా విడగొడితే 23, 29. 23లో ఇమిడే పెద్ద వర్గం 16, దాని మూలం 4, శేషం 7. పక్క జత దించితే 729. 4కి రెట్టింపు 8. ఆ 8 పక్కన ఒక అంకె పెట్టి, అదే అంకెతో గుణిస్తే 729 దాటకూడదు: 88 × 8 = 704. శేషం 25. దశాంశ బిందువు పెట్టి రెండు సున్నాలు దించితే 2500. 48కి రెట్టింపు 96. 962 × 2 = 1924. శేషం 576, మళ్లీ సున్నాలు దించితే 57600. 9645 × 5 = 48225. ఇప్పటికి 48.25 వచ్చింది, ఇంకో అడుగు వేస్తే 48.259. ఎంత దూరం కావాలంటే అంత దూరం పోవచ్చు. ముగ్గుకి రెండు దశాంశాలు చాలు.

పరీక్ష రాసే పిల్లలకు మాత్రం ఇంకొకటి కావాలి. √72 లాంటివి దశాంశాల్లోకి మార్చకుండా 36 × 2 గా విడగొట్టి 6√2 అని వదిలేయాలి. √16 అంటే 4 మాత్రమే. x² = 16 అన్నప్పుడే 4, −4 రెండూ రాయాలి. కర్ణం తెలిసి భుజం కావాలన్నప్పుడు కూడిక కాదు, తీసివేత. 13 అడుగుల నిచ్చెన కాలు గోడకి 5 అడుగుల దూరంలో పెడితే 169 − 25 = 144, పై కొస 12 అడుగుల ఎత్తుకు ఆనుతుంది.

అడుగుల దశాంశం అంగుళాలు కాదు

అసలు గండం ఇక్కడుంది. 48.26 అడుగులంటే 48 అడుగుల 2.6 అంగుళాలు కాదు. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి 0.26ని 12తో గుణించాలి: 3.12 అంగుళాలు. టేపు మీద అంగుళానికి ఎనిమిది భాగాలుంటే ఒక్కో భాగం 0.125. అంటే 48 అడుగుల 3 అంగుళాలు, పైన ఒక గీత. చీటీ మీద రాయాల్సింది ఇది, దశాంశం కాదు. మేస్త్రి చేతిలో ఉన్నది అడుగులు, అంగుళాల టేపు.

మన దగ్గర తరచుగా వినపడే ప్లాటు కొలతలకు ఇవి తయారుగా ఉంచుకోండి. 30 × 40కి సరిగ్గా 50 అడుగులు, వర్గమూలం శ్రమే లేదు. 150 గజాలుగా వచ్చే 30 × 45కి 54 అడుగుల 1 అంగుళం. 30 × 50కి 58 అడుగుల 3¾ అంగుళాలు. 200 గజాలు రెండు రకాలు: 30 × 60 అయితే 67 అడుగుల 1 అంగుళం, 36 × 50 అయితే 61 అడుగుల 7 అంగుళాల 3 గీతలు.

గది చతురస్రంగా ఉంటే ఇంకా సులువు. భుజం ప్రతి అడుగుకీ కర్ణం 17 అంగుళాలు అనుకోండి. √2 ని 17/12 గా తీసుకోవడమన్నమాట. 10 అడుగుల గదికి 170 అంగుళాలు, 14 అడుగుల 2 అంగుళాలు. అసలు విలువ 14 అడుగుల 1¾ కన్నా పిసరు తక్కువ. ఊహకు 17 బాగుంటుంది, ముగ్గుకి మాత్రం లెక్క వేసుకోవాల్సిందే. యజ్ఞవేదికలు కట్టే లెక్కలు చెప్పే పాత గ్రంథాలు శుల్బసూత్రాలు. వాటిలో బౌధాయనుడిదాంట్లో √2 కి ఇచ్చిన విలువ భిన్నంగా రాస్తే 577/408, ఐదు దశాంశాల దాకా సరిపోతుంది. యజ్ఞవేదిక కొలతలకు అంత నికార్సుగా లెక్క కట్టారు. మనకు కావలసింది అర అంగుళమే.

నేల మీద: మొదటి మూల

ముందు ఒక ఆధార గీత కావాలి. రోడ్డు వైపు గోడ గీతను తీసుకోవడం మేలు. దాని మీద 27 అడుగులకు రెండు మేకులు దిగ్గొట్టండి, వాటిని ఎ, బి అందాం. మేకు తలమీద ఒక సీల కొట్టి కొలతలన్నీ ఆ సీల నుంచే పట్టండి. దారం మేకు చుట్టూ తిప్పి లాగితే మేకు లావు కూడా కొలతలో కలిసిపోతుంది. లావాటి కర్ర మేకైతే అక్కడే అంగుళం పోతుంది.

ఇప్పుడు ఎ దగ్గర లంబం కావాలి. మేస్త్రి సాధారణంగా చేతిలో ఉన్న మూలమట్టం ఆనించి దారం లాగుతాడు, లేదా 3, 4, 5 అడుగులు పట్టి సరే అంటాడు. సూత్రం తప్పు కాదు, 9 + 16 = 25. కొలత మరీ చిన్నది, అదే ఇబ్బంది. 5 అడుగుల దగ్గర పావు అంగుళం తేడా వచ్చిందంటే, దారాన్ని 40 అడుగులకు లాగేసరికి నాలుగంగుళాల పైన పక్కకు పోతుంది. అదే పావు అంగుళం తప్పు 12, 16, 20 అడుగుల కొలతలో జరిగితే 40 అడుగుల దగ్గర ఒక అంగుళమే. నాలుగు రెట్లు పెద్ద త్రిభుజం, నాలుగో వంతు తప్పు. స్థలం పట్టినంత పెద్దది తీసుకోండి.

పద్ధతి ఇదీ. ఎ నుంచి బి వైపు దారం వెంట 12 అడుగుల దగ్గర ఒక గుర్తు పెట్టండి. ఫైబర్ టేపు సున్నా దగ్గర, 48 అడుగుల దగ్గర కలిపి ఒకరు ఎ సీల మీద పట్టుకోవాలి. ఇంకొకరు 12 గీతను ఆ గుర్తు మీద ఆనించాలి. మీరు 32 గీత దగ్గర పట్టుకుని రెండు వైపులా బిగువు సమానంగా వచ్చేదాకా లోపలికి లాగండి. టేపు మడతపడకుండా నిలిచిన చోటే మీకు కావలసిన బిందువు: 12, 20, 16 అడుగుల త్రిభుజం తయారైంది. స్టీలు టేపు ఇలా వంచితే విరుగుతుంది, అది ఉంటే రెండు టేపులతో విడివిడిగా పట్టండి. ఫైబర్ టేపును బలంకొద్దీ లాగకండి, సాగుతుంది. మొదట ఎంత బిగువుతో పట్టారో చివరిదాకా అంతే.

పొడవాటి, సన్నటి ఇళ్లకు 5, 12, 13 బాగా కుదురుతుంది: రెట్టింపు చేస్తే 10, 24, 26 అడుగులు. 8, 15, 17 కూడా ఉంది. ఆపస్తంబ శుల్బసూత్రాల్లో ఇవి, 12, 35, 37 కూడా ఉన్నాయి. మన తెలుగు వైదిక కుటుంబాల్లో చాలామందిది ఆపస్తంబ సూత్రమే. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు ఆ పేరు వినే ఉంటారు.

కర్ణం పట్టి సరిదిద్దడం

ఎ నుంచి ఆ బిందువు మీదుగా దారం 40 అడుగులకు లాగి మేకు కొట్టండి, అది డి. ఇప్పుడు జేబులోంచి చీటీ తీసి, “మేస్త్రీ, ఒక్కసారి కర్ణం పట్టి చూద్దాం” అనండి. మంచి మేస్త్రి ఏమీ అనుకోడు, టేపు తనే అందుకుంటాడు.

బి నుంచి డి కి 48 అడుగుల 3 అంగుళాల ఒక గీత రావాలి. వచ్చింది 48 అడుగుల 5 అంగుళాల ఒక గీత అనుకుందాం. రెండంగుళాలు ఎక్కువ. అంటే ఎ దగ్గర మూల తెరుచుకుంది, తొంభై డిగ్రీలు దాటింది. తక్కువ వచ్చి ఉంటే మూసుకుపోయినట్టు.

చాలామంది ఇక్కడ డి మేకును రెండంగుళాలు జరిపి మళ్లీ కొలుస్తారు. తేడా ఇంకా మిగిలే ఉంటుంది. మళ్లీ కొంచెం, మళ్లీ కొంచెం, అలా అరగంట గడుస్తుంది. ఎంత జరపాలో నేరుగా లెక్క ఉంది: తేడాను కర్ణంతో గుణించి, ఆధార భుజంతో భాగించండి. 2 × 48.26 ÷ 27 = 3.57. డి మేకును బి ఉన్న వైపుకి మూడున్నర అంగుళాలు జరపాలి, ఎ నుంచి 40 అడుగుల దూరం మాత్రం తప్పకూడదు. ఒక్కసారికే సరిపోతుంది. కర్ణం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మేకు పక్కకు జరిగినంతా కర్ణంలో కనిపించదు, అందులో 27/48.26 వంతే కనిపిస్తుంది.

తర్వాత బి నుంచి 40, డి నుంచి 27 అడుగులు కలిసే చోట నాలుగో మేకు సి. ఎ నుంచి సి కి కూడా కర్ణం పట్టండి. రెండు కర్ణాలూ సమానమైతే చాలు అని చాలామంది అంటారు. చాలదు. ముందు 27 అడుగులు, వెనక 26 అడుగులు పెట్టి, రెండు పక్కలా సమానంగా లోపలికి ఒరిగినా కర్ణాలు సమానంగానే వస్తాయి, ఇల్లు మాత్రం చేటలా ఒక వైపు సన్నబడుతుంది. ఎదురెదురు భుజాలు సమానం, కర్ణాలు సమానం, రెండూ చూడాలి. పావు అంగుళం తేడా అయితే నేను వదిలేస్తాను. అర అంగుళం దాటితే మేకు మళ్లీ కొట్టాల్సిందే. దారానికి ముగ్గు పోశాక ఒక్క మేకు కూడా పీకనివ్వకండి, తవ్వకం మొదలైన తర్వాత సరిచూసుకోవడానికి అవే ఆధారం.

ప్లాటు ఈశాన్యం పెరిగి ఉంటే ప్లాటు కర్ణాలు ఎలాగూ కలవవు. దాని గురించి కంగారు పడకండి. వాస్తు కోసం ప్రహరీ ఎటు పెరిగినా సరే, లోపలి ఇల్లు మూలమట్టానికి ఉంటేనే గదులు కుదురుతాయి.

నేల వాలుగా ఉంటే

టేపును నేల మీద పరిచి కొలిస్తే అడ్డం కొలత రాదు, వాలు కొలత వస్తుంది. 40 అడుగులకు 2 అడుగుల వాలు ఉంటే వాలు పొడవు √(1600 + 4). పై చిట్కాతో 4 ÷ 80 = 0.05 అడుగు, అర అంగుళం పైచిలుకు తేడా. వాలు 4 అడుగులైతే 16 ÷ 80 = 0.2, దాదాపు రెండున్నర అంగుళాలు. వాలు రెట్టింపైతే తప్పు నాలుగింతలు. కాబట్టి కొద్దిపాటి వాలును పట్టించుకోనక్కర్లేదు. అంతకు మించితే టేపును రసమట్టంతో (స్పిరిట్ లెవెల్) అడ్డంగా పట్టి, పల్లం వైపు కొస నుంచి తూకం గుండు వదిలి, అది తాకిన చోట గుర్తు పెట్టండి.

మెట్లకూ ఇదే లెక్క. ఎత్తు 7 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు అయితే ఒక్కో మెట్టుకు వాలు √149, అంటే 12.2 అంగుళాలు. పది మెట్లకు రెయిలింగు పైపు 10 అడుగుల 2 అంగుళాలు, రెండు కొసలా వంపులకు అదనం.

వంకర ప్లాటు కొనేటప్పుడు

వర్గమూలం నేరుగా డబ్బు మిగిల్చేది ఇక్కడ. నాలుగు భుజాలూ వేరువేరుగా ఉన్న ప్లాటుకు చాలాచోట్ల ఎదురెదురు భుజాల సగటు తీసి గుణించేస్తారు. వరసగా 30, 40, 36, 42 అడుగులున్న ప్లాటు తీసుకోండి. సగటులు 33, 41. గుణిస్తే 1353 చదరపు అడుగులు.

ఇప్పుడు మధ్యలో కర్ణం కొలవండి. 30, 40 భుజాలు ఒక వైపు, 36, 42 భుజాలు రెండో వైపు పడేలా పట్టిన కర్ణం 46 అడుగులు వచ్చిందనుకుందాం. ప్లాటు రెండు త్రిభుజాలైంది. ఒక్కోదానికి హెరాన్ సూత్రం: మూడు భుజాల మొత్తంలో సగం తీసుకుని, అందులోంచి ఒక్కో భుజం తీసేసి, వచ్చిన మూడింటినీ ఆ సగంతో కలిపి గుణించి, వర్గమూలం తీయాలి.

మొదటి త్రిభుజం 30, 40, 46. సగం 58. తీసివేతలు 28, 18, 12. 58 × 28 × 18 × 12 = 350784. 592 వర్గం 350464, శేషం 320, దాన్ని 1184తో భాగిస్తే 0.27. వైశాల్యం 592.27.

రెండోది 46, 36, 42. సగం 62. తీసివేతలు 16, 26, 20. లబ్ధం 515840. దగ్గరి వర్గమూలం 718, శేషం 316, 1436తో భాగిస్తే 0.22. వైశాల్యం 718.22.

మొత్తం 1310.49. సగటు లెక్కకూ దీనికీ తేడా 42 చదరపు అడుగుల పైమాటే, అంటే నాలుగు గజాల మీద ముప్పావు. మీ ఊళ్లో గజం ధరతో గుణించుకోండి. సగటు లెక్క ఎప్పుడూ తక్కువ చూపించదు. ప్లాటు ఎంత వంకరగా ఉంటే అంత ఎక్కువ చూపిస్తుంది, ఆ ఎక్కువంతా అమ్మేవాడి వైపే పడుతుంది. బయానా ఇచ్చే ముందే రెండో కర్ణం కూడా పట్టి, దానితో ఏర్పడే రెండు త్రిభుజాలకూ ఇదే లెక్క వేయండి. రెండు మొత్తాలూ ఒకటి రెండు అడుగుల తేడాలో కలిస్తే కొలతలు సరిగ్గా పట్టినట్టే. కలవకపోతే ఏదో ఒక భుజం తప్పు కొలిచారు, మళ్లీ టేపు పట్టాల్సిందే.